వద్దన్న మనిషి ఫోటో

ఆదివారం, 2017 నవంబరు రెండో వారం. చౌటుప్పల్, వ్యాపారుల సంఘం భవనం, మేడమీది గది.

హాజరైనవారు: వ్యాపారుల సంఘం అధ్యక్షుడు (మందుల దుకాణం), మసీదు కమిటీ పెద్ద సదర్ సాబ్ (కట్టెల అడితి), మహిళా సంఘాల తరఫున ఒకామె, చర్చి పాస్టరు, పోచంపల్లి చేనేత సంఘం నుంచి ఒకరు, యువజన సంఘం అధ్యక్షుడు, విశ్రాంత ఉద్యోగుల సంఘం తరఫున నేను.

రానివారు: ఎవరి కోసం కూర్చున్నామో వాళ్ళు. వాళ్ళను పిలవాలని ఎవరికీ తోచలేదు.

ఉద్యోగం ఉన్నంత కాలం బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేశాను. ఏ బండి వచ్చింది, ఏది రాలేదు, ఎందుకు రాలేదు అని రాసుకోవడమే నా పని. పదవీ విరమణ తరువాత బండ్లు పోయాయి, రాసుకోవడం మిగిలింది. అందుకే ఏ సమావేశమైనా మినిట్స్ నన్నే రాయమంటారు. ఈ సంగతిలో మొదటినుంచి చివరిదాకా రాసింది నేనే. ఇన్నేళ్ళ తరువాత తీసి చదివినా నా కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా అనుకోవడం లేదు.

సంగతి ఇది. హైవే పక్కన సర్వీసు రోడ్డు దిగితే ఒక తుక్కు షెడ్డు ఉంది. మందుల ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు కడిగి అమ్మేచోటు. అక్కడ పనిచేయడానికి నాలుగు కుటుంబాలు వచ్చాయి. బర్మా నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన ముస్లింలు. అప్పటికి కొన్నేళ్ళుగా హైదరాబాదు శివార్లలో గుడిసెల్లో ఉండి, పనిని వెతుక్కుంటూ ఇటు వచ్చారు. శరణార్థి కార్డులున్నాయి. పోలీసు స్టేషనుకు వాళ్ళే వెళ్ళి చూపించి, రాయించుకుని వచ్చారు. షెడ్డు వెనక టార్పాలిన్లు కట్టుకుని ఉన్నారు. మా ఊళ్ళో వాళ్ళను 'బర్మోల్లు' అనేవారు.

మా ఊరు చెడ్డదని నేను అనను. వాళ్ళ సంగతి తెలియగానే మొదట మసీదు కమిటీ వెళ్ళి దుప్పట్లు ఇచ్చింది. చలికాలం కదా. తరువాత పాస్టరుగారు వెళ్ళి దుప్పట్లు ఇచ్చారు. చేనేత సంఘం పోచంపల్లి దుప్పట్లు ఇచ్చింది. యువజన సంఘం దుప్పట్లు ఇచ్చి ఫోటో దిగింది. మా విశ్రాంత ఉద్యోగుల సంఘం కూడా ఆలోచించి, చర్చించి, తీర్మానించి, దుప్పట్లే ఇచ్చింది. ఆ మూట ఆటోలో నేనే తీసుకెళ్ళాను. గుడిసెలోకి వంగి చూస్తే నేల మీద దుప్పట్లు, గోడ బదులు దుప్పట్లు, వాటి మీద మడతపెట్టిన కొత్త దుప్పట్లు. ఆ ఇంటావిడ గర్భిణి, ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. నా మూట చూసి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అందుకే అందరం కలిసి పని చేద్దామని ఆ ఆదివారం కూర్చున్నాం. ఆలోచన మంచిదే. దానికి 'సంయుక్త స్వాగత కమిటీ' అని పేరు పెట్టడానికే టీ రెండుసార్లు వచ్చింది.

మహిళా సంఘం ఆమె అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమెకు ఊళ్ళో కూరగాయల బండి ఉండేది. రోజూ షెడ్డు దాటుకునే పోయేది కాబట్టి ఆ గర్భిణి పిల్లతో మాటలు కలిశాయి. పేరు ఖాయమయ్యాక లేచి అంది:

"పేరు పెట్టుడు అయిపోయిందా? ఇగ నేను చెప్తా ఇనున్రి. ఆ పిల్లకు ఏడో నెల. ఇంతకు ముందు కాన్పు పట్నంల గుడిసెల్నే అయ్యింది. వానకు నీళ్ళు లోపలికొచ్చినయట, పసిగుడ్డు దక్కలే. ఆమె నన్ను అడిగింది ఒక్కటే, తలుపున్న అర్ర. లోపట్నుంచి గొళ్ళెం పెట్టుకునే అర్ర. మీరు ఎన్నన్న దుప్పట్లు ఇయ్యున్రి, దుప్పటికి గొళ్ళెం ఉంటదా?"

ఎవరూ నవ్వలేదు. తలుపున్న గది, కాన్పుకు ముందే. తీర్మానం ఒకటి అని అదే రాశాను.

గది దొరకలేదు. ఇక్కడినుంచే నా కోపం మొదలవుతుంది. వ్యాపారుల సంఘం అధ్యక్షుడికి దుకాణం వెనక వరస గదులున్నాయి, అన్నీ ఫ్యాక్టరీ కుర్రాళ్ళకు కిరాయికి ఇచ్చేవే. "అన్నీ నిండినయి సారూ" అన్నాడు. ఆ వారమే ఒక గదికి 'టు లెట్' బోర్డు వేలాడుతుంటే నేను చూశాను. సదర్ సాబ్ గడ్డం సవరించుకుని, "మాది ఉమ్మడి జాగా, తమ్ములు ఒప్పుకోరు. మేమిస్తే ఇంకో తీరుగ మాట్లాడ్తరు, మీకు తెల్వంది కాదు" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది, దాన్ని నేను కాదనను. పాస్టరు తాను ఉండేదే కిరాయి ఇల్లన్నాడు. నేనున్నది మూడో అంతస్తు ఫ్లాటు. కట్టేటప్పుడే మా అపార్టుమెంటువాళ్ళు ఎవరికి కిరాయికి ఇవ్వకూడదో రాసి పెట్టుకున్నారు.

చివరికి మహిళా సంఘం ఆమే వెతికింది. నన్ను వెంటబెట్టుకుని ఊరి చివర కొత్త ప్లాట్ల పక్కన ఒక రైతు ఇంటికి తీసుకెళ్ళింది. ఆయనకు ఇంటి వెనక మోటారు పైపులు, విత్తనాల బస్తాలు పెట్టుకునే గది ఉంది. సిమెంటు గోడలు, ఇనుప తలుపు. ఆయన మొత్తం విని, ఎడ్లకు నీళ్ళు పెట్టి వచ్చి, మా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సారూ, మాది పాలమూరు దిక్కు. మా అవ్వ మట్టిపనికి వలసబోయినప్పుడు నన్ను కాల్వ కట్టమీద కన్నది. చీర అడ్డం కట్టిన్రట, గంతే. పెద్దగైనంక మా నాయిన, అన్నదమ్ములతోటి గీడికొచ్చి ఇంత భూమి చేసుకున్న. ఆ అర్ర ఇస్త. కాన్పు దాంక కాదు, ఎన్ని రోజులన్న ఉండనియ్యి. కానీ ఒక్క మాట."

"చెప్పు."

"నా పేరు ఏడ రావద్దు. మా అన్నదమ్ములు వెంచరోళ్ళతోటి కలిసి గీ పక్క ప్లాట్లు అమ్ముతున్నరు. బర్మోల్లను ఇంట్ల పెట్టుకున్నడని ఎరుకైతే నన్ను బతకనియ్యరు. డ్రమ్ములు కడిగే పనోళ్ళకు అర్ర ఇచ్చిన అని, గంతవరకే వాళ్ళకు చెప్త. అది అబద్ధం గాదు గదా?"

"కాదు" అన్నాను.

"నా పేరు వద్దు, ఫోటో వద్దు, మైకుల చెప్పుడు వద్దు. సారూ, నువ్వు రాసుకుంటవంటగద, గిది సుత రాసుకో."

ఆయన భార్య గుమ్మంలోంచే అంది, "గాయన చెప్పుడైంది గానీ, ఆ పిల్లను పొద్దుగూకక ముందే తోలుకరాన్రి. బస్తాలు నేను తీస్త."

ఆ సాయంత్రమే ఆ పిల్ల, ఆమె భర్త, అత్త ఆ గదికి మారారు. ఆ పిల్ల లోపలికి వెళ్ళి తలుపు వేసి గొళ్ళెం పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. బయట నిలబడ్డ మాకు ఆ ఇనుప శబ్దం వినిపిస్తూనే ఉంది. భర్త సిగ్గుపడి తలుపు తట్టాడు. లోపలినుంచి నవ్వు.

తరువాత రోజులు బాగా గడిచాయి. మహిళా సంఘం ఆమె ఆ పిల్లను దవాఖానకు తీసుకెళ్ళి పేరు రాయించింది. సర్కారు దవాఖానలో నర్సమ్మ ఏమీ అడగకుండానే బీపీ చూసి, ఐరన్ మాత్రలు ఇచ్చి పంపింది. రైతు భార్య చుక్కకూర పప్పు వండితే ఒక గిన్నె వెనక గదికి వెళ్ళేది. వెనక గది నుంచి చేపల పులుసు వచ్చేది. రైతు భార్య, "గింత కారమేందే పిల్లా, కడుపుల ఉన్నోడు ఏడ్వడా" అని తిట్టి మొత్తం తినేది. ఆ ఇంట్లో తేడా రాకపోతే మిగిలిన మూడు కుటుంబాలకు కూడా గదులు అడగవచ్చని మహిళా సంఘం ఆమె లెక్క. ఇంకో ఇద్దరు ఇంటివాళ్ళు మెత్తబడ్డారు కూడా. ఇది ఒక్కటే జరిగి ఉంటే ఇదంతా రాసేవాణ్ణి కాదు.

జనవరిలో మళ్ళీ కూర్చున్నాం. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"ఇంత పని చేసినం. పది మందికి తెల్వాలె గద. తెలిస్తేనే ఇంకో పది మంది ముందుకొస్తరు. ఫంక్షన్ హాలు తీసుకుందం. స్వాగత సభ. భోజనాలు. ఊరికి గౌరవం."

ఇంత పని చేసినం అన్నది ఎవరు? గది లేదన్నవాడు. నేను మహిళా సంఘం ఆమె వైపు చూశాను. ఆమె టీ గ్లాసులు ఏరుతోంది. సమావేశంలో ఆ ఒక్క ఆడమనిషే ఉండేది, గ్లాసులు ఆమే ఏరాలని ఎవరు చెప్పారో నాకు తెలియదు.

తరువాత ఫ్లెక్సీ మీద చర్చ. ఆ చర్చ రాయడానికి డైరీలో పేజీలు చాలలేదు. ఎవరి ఫోటో పైన? ఏ సంఘం గుర్తు ఎడమ, ఏది కుడి? అధ్యక్షుడు ఇచ్చిన ఫోటోలో జుట్టు నల్లగా ఉంది, ఆయన తలకాయ ఎదురుగా తెల్లగా ఉంది. పాస్టరు, "మాది కింద మూలకేసినా ఏం కాదు బ్రదర్" అన్నాడు. కొంచెంసేపాగి, "ఏ మూల?" అని అడిగాడు. చేనేత సంఘం ఆయనకు తమ గుర్తు చిన్నదైందని కష్టం. సదర్ సాబ్, "మా ఫోటో వెయ్యకున్రి, పేరు చాలు" అంటే, అందరూ, "అట్లెట్ల సాబ్!" అని ఆయన ఫోటో పెద్దది చేశారు. ఆయన వద్దనలేదు మరి. మహిళా సంఘం ఆమెకు ఫ్లెక్సీలో జాగా లేకపోయింది. వందన సమర్పణ ఇచ్చారు.

అప్పుడు యువజన సంఘం అధ్యక్షుడు, "ఇల్లిచ్చినాయన ఫోటో సుత వెయ్యాలె. గృహదాత అని" అన్నాడు.

నేను కలం పక్కన పెట్టాను. "వెయ్యొద్దు. ఆయన పేరే రావద్దన్నాడు. నాకూ ఆమెకూ ఎదురుగా చెప్పాడు."

అధ్యక్షుడు నవ్వాడు. పెద్దమనిషి పిల్లవాడికి చెప్పేటప్పటి నవ్వు. "సారూ, ఎవడన్న నాకు సన్మానం చెయ్యున్రి అని అడుగుతడా? వద్దనుడు ఆయన మర్యాద. బలవంతం చేసుడు మన మర్యాద. మీ రిటైర్‌మెంటు నాడు మీరు వద్దనలేదా? శాలువ కప్పినంక ఫోటోల మీరే అందరికంటే ముందు లేరా?"

అందరూ నవ్వారు. నాక్కూడా నిజం అనిపించేంత బాగా చెప్పాడు. మన దగ్గర ఎవరూ మొదటిసారి అడగ్గానే ఔననరు. అన్నం వద్దంటారు, వడ్డిస్తాం. కుర్చీ వద్దంటారు, కూర్చోబెడతాం. దండ వద్దని చెయ్యి అడ్డం పెడతారు, ఆ చెయ్యి దించి వేస్తాం. ఈ అలవాటులో పెరిగిన మనకు ఒక మనిషి నిజంగా వద్దంటే వినపడదు. కానీ రైతు వద్దనడమే కాదు, ఎందుకు వద్దో కూడా చెప్పాడు. మర్యాదకు వద్దనేవాడు కారణం చెప్పడు. ఆ మాట అక్కడ గట్టిగా అన్నాను.

మహిళా సంఘం ఆమె గ్లాసులు కింద పెట్టి, "ఆయనకు అన్నదమ్ములతోటి ఫికర్ ఉన్నది. ఆయన పేరు బయటవడితే ఆ పిల్ల రోడ్డు మీదవడ్తది. ఇప్పుడు తొమ్మిదో నెల" అంది.

"ఎవ్వడేమంటడమ్మా, మేమంత లేమా?" అన్నాడు అధ్యక్షుడు.

పట్టుబట్టి తీర్మానం రాయించాను: ఇంటి యజమాని పేరు గానీ ఫోటో గానీ ఎక్కడా వాడరాదు. అందరూ సంతకాలు పెట్టారు. సంతకాలు పెట్టడం వాళ్ళకు కష్టమైన పని కాదు.

సభ ఒక ఆదివారం జరిగింది. నేను హాలుకు నేరుగా మా వీధి నుంచి వెళ్ళాను. చౌరస్తా మీదుగా వెళ్ళి ఉంటే ముందే చూసేవాణ్ణి.

వేదిక మీద సోఫాలు మాకు. వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలు వాళ్ళకు. ఆ పిల్ల నిండు కడుపుతో ప్లాస్టిక్ కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. ఉపన్యాసాలు నడుస్తున్నాయి. ప్రతి ఒక్కరూ, "రెండు నిమిషాలే మాట్లాడుతా" అని మొదలుపెట్టారు. వసుధైక కుటుంబం అన్నారు, తెలంగాణ గంగా జమునా తెహజీబ్ అన్నారు, అతిథి దేవుడన్నారు. నడుం నొప్పితో ఆ పిల్ల రెండుసార్లు లేవబోయింది. యువజన సంఘం వాళ్ళు ఆమెను మళ్ళీ కూర్చోబెట్టారు, శాలువాల కార్యక్రమం ఇంకా కాలేదని.

శాలువా కప్పేటప్పుడు భర్త ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఫోటో నక్కో సాబ్. ఫోటో నక్కో" అని వద్దన్నాడు మెల్లగా. అధ్యక్షుడు అతని గడ్డం పట్టుకుని కెమెరా వైపు తిప్పాడు. ప్రేమగానే తిప్పాడు. నేను ఆ పక్క సోఫాలోనే ఉన్నాను.

అప్పుడు మైకులో వినపడింది: "ఇప్పుడు మన గృహదాత!"

రైతు చివరి వరసలో ఉన్నాడు. భోజనం చేసిపోదువు రమ్మని చెప్పి తెచ్చారట. ఆ మాట వినగానే లేచి తలుపు వైపు నడిచాడు. ఇద్దరు యువకులు చెరో చెయ్యి పట్టుకున్నారు. "వద్దు తమ్మీ, నన్నిడువున్రి, దండం పెడ్త" అంటున్నాడు. జనం చప్పట్లు. ఆయన వెనక్కి గుంజుకున్నకొద్దీ చప్పట్లు పెరిగాయి. ఎంత నిగర్వి అని ఒకాయన పక్కవాడితో అంటున్నాడు. నేను లేచి మైకు దగ్గరకు వెళ్ళి, "వదలండయ్యా, ఆయన నిజంగానే వద్దంటున్నాడు" అని అరిచాను. మైకు నా చేతికి ఇవ్వలేదు. వినపడ్డవాళ్ళకు అది కూడా ముచ్చటలో భాగమే అయింది. శాలువా కప్పారు, దండ వేశారు, చేతికి జ్ఞాపిక ఇచ్చారు. నాలుగు వైపుల నుంచి ఫోన్లు పైకి లేచాయి. కింద జనంలో కూర్చున్న మహిళా సంఘం ఆమె తల పట్టుకుంది. ఆమె వందన సమర్పణ చెప్పకుండానే బయటికి వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర రైతు లేడు. నేను ఆయన కోసం చౌరస్తాదాకా వెళ్ళాను. అక్కడే ఉన్నాడు, శాలువా చంకలో పెట్టుకుని, మెడలో దండ తీయడం మరిచిపోయి, తల ఎత్తి చూస్తున్నాడు. బర్మా శరణార్థులకు స్వాగతం సుస్వాగతం. కింద మూడు వరసల తలకాయలు. వాటి పక్కన విడిగా, పూల చట్రంలో, చేతులు జోడించిన ఆయన బొమ్మ. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫోటో నుంచి కత్తిరించారు. దాని కింద ఆయన పేరు, ఇంటి పేరుతో సహా, పక్కన కాలనీ పేరు కూడా.

"సారూ, గిది రాత్రే కట్టిన్రటగదా" అన్నాడు.

ఆయన అన్నదమ్ములు ఇద్దరు మోటారు సైకిలు మీద వచ్చి ఆగారు. పెద్దవాడు బండి దిగకుండానే, "మంచిగున్నవు ఫోటోల. పొద్దుగాల నుంచి ప్లాట్లు చూసేటోళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. ఆ దిక్కు బర్మోల్ల బస్తీ అయితుందట గదా అని అడుగుతున్నరు. ఏం చెప్పాలె మేము?" అన్నాడు.

రెండోవాడు, "గృహదాతట! ఇల్లు మన నాయిన జాగల కట్టింది, దాత నువ్వయినవా?" అన్నాడు.

రైతు దండ తీసి వీధి దీపపు స్తంభం మొదట్లో పెట్టి ఇంటిదారి పట్టాడు.

నేను హాలుకు తిరిగి వెళ్ళి అధ్యక్షుడిని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకొచ్చాను. అరవై దాటిన ఇద్దరం అంత గట్టిగా అరుచుకోవడం ఆ వంటవాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు. "ఫ్లెక్సీ ఇప్పుడే దించాలి" అన్నాను. "రేపటిదాంక ఉండనియ్యున్రి సారూ, పత్రికలోళ్ళు ఇంకా తీసుకోలే" అన్నాడు. తీర్మానం సంగతి అడిగాను. "గా పోరగాండ్లు చేసిన్రు, మంచికే చేసిన్రు" అన్నాడు. ఊళ్ళో పెద్దలు ఏ పాడుపని చేసినా దాన్ని మోయడానికి కొందరు 'పోరగాండ్లు' ఎప్పుడూ ఉంటారు.

ఫ్లెక్సీని మహిళా సంఘం ఆమె దించింది. తన బండి మీది కత్తి తెచ్చి, పక్కనున్న ఎవరిదో బొప్పాయిల బండి మీద ఎక్కి నిలబడి తాళ్ళు కోసింది. నేను కింద నుంచి బండి కదలకుండా పట్టుకున్నాను. తలకాయలన్నీ ఒక్కసారి ముందుకు వంగి రోడ్డు మీద పడ్డాయి. యువజన సంఘంవాళ్ళు పరిగెత్తుకొచ్చి సంఘం ఆస్తి పాడుచేశావని ఆమెతో కొట్లాటకు దిగారు. "ఏ సంఘం ఆస్తిరా? నాది సుత ఒక సంఘమే గద, నా వాటా నేను కోసుకున్న!" అంది. దించి ఏం లాభం? అప్పటికే అది ఊళ్ళో ప్రతి ఫోనులో ఉంది. మా అపార్టుమెంటు గ్రూపులో కూడా వచ్చింది. దాని కింద ఏం రాశారో ఇక్కడ రాయను, నా డైరీలోనూ రాయలేదు.

మరునాడు తెల్లవారగానే రైతు ఇంటికి వెళ్ళాను. గేటు దగ్గర అన్నదమ్ములు, వాళ్ళతో వెంచరు మనిషి ఒకడు నిలబడి ఉన్నారు. లోపల ట్రాలీ ఆటో వెనక్కి పెట్టి ఉంది. భర్త సామాను ఎక్కిస్తున్నాడు. అతని తల్లి ఒక గిన్నెల మూట ఒళ్ళో పెట్టుకుని అప్పటికే ట్రాలీలో కూర్చుంది. రైతు గడపలో తల వంచుకుని కూర్చున్నాడు.

"నేను పొమ్మనలే సారూ" అన్నాడు, నేను ఏమీ అడగకముందే. "రాత్రి వీళ్ళు మాట్లాడింది వాళ్ళకు ఇనవడ్డది. గోడ ఒక్కటే గద. తెల్లారేసరికి వాళ్ళే మూట గట్టుకున్నరు. పొమ్మనలే. ఉండున్రి అని సుత అనలేకపోయిన."

లోపల ఆయన భార్య ఏడుస్తూ తిడుతోంది. ఎవరినో పేరు పెట్టి కాదు. శాలువాలు కప్పినవాళ్ళ చేతులు విరగాలని.

మహిళా సంఘం ఆమె ఆ రోజు బండి పెట్టకుండా వచ్చింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "బిడ్డా, నాది ఒక్కటే అర్ర. అయినా రా. నా మంచం కింద నేను పండుకుంట. కాన్పు అయినంక చూద్దం" అంది. ఆ పిల్ల భర్త వైపు చూసింది. అతను తాడు ముడి వేస్తూ, తలెత్తకుండా, వచ్చీరాని మాటల్లో అన్నాడు:

"నక్కో దీదీ. తుమారా ఫోటో భీ లగాదేతే."

నీ ఫోటో కూడా పెడతారు. అతని గొంతులో కోపం లేదు, అదే నాకు మరీ కష్టమనిపించింది. ఆమె మంచిదని అతనికి తెలుసు, ఆ మంచితనం మా ఊళ్ళో ఏమవుతుందో కూడా ఇప్పుడు తెలుసు.

అప్పుడు అధ్యక్షుడు వచ్చాడు, కమిటీలోని మిగిలినవాళ్ళను వెంటబెట్టుకుని. ఆటో చూడగానే రైతు మీద పడ్డాడు. "గింత సన్మానం చేస్తే గిదా నువ్వు చేసేది? నిండు చూలాలిని బయటికి తోలుతవా? నీకు మానవత్వం ఉన్నదా?"

రైతు లేచి నిలబడ్డాడు. పొట్టి మనిషి. కొడతాడేమో అనుకున్నాను. "నేను నీ దుకాణంల మందులు కొంట గద. రేపటిసంది అయి సుత కొన" అని మాత్రం అన్నాడు. అధ్యక్షుడి ముఖం చూస్తే అదే ఎక్కువ తగిలినట్టుంది.

ట్రాలీ కదిలింది. ఆ పిల్ల వెనక కూర్చుని కడుపుకు చెయ్యి ఆనించి, కుదుపుకు పళ్ళు బిగించుకుంది. సర్వీసు రోడ్డు ఎక్కి, హైదరాబాదు వైపు తిరిగింది. షెడ్డు దగ్గరి మూడు కుటుంబాలు కూడా ఆ వారంలోనే ఖాళీ చేశాయి. మెత్తబడ్డ ఇంటివాళ్ళిద్దరూ ఆ తరువాత నన్ను చూస్తే పక్క సందులోకి మళ్ళేవారు.

అధ్యక్షుడు నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, "వాళ్ళే సొంతంగ పోయిన్రని రాయున్రి సారూ. రేపు ఎవరన్న అడిగితే కమిటీకి మాట రావద్దు" అన్నాడు. ఆ కమిటీకి నేను రాసిన చివరి వాక్యం వేరే ఉంది: ఈ కమిటీ ఆ కుటుంబాన్ని వెళ్ళగొట్టింది. కింద సంతకం నాదొక్కటే. మిగిలినవాళ్ళు పెట్టలేదు.

మేమింకా అక్కడ ఉండగానే ఆశా కార్యకర్త సైకిలు మీద వచ్చింది. ఆ రోజు దవాఖానకు తీసుకెళ్ళి చూపించాల్సిన రోజట. సంచిలో మాత్రలు, ఒక కొత్త కార్డు. వెనక గది తలుపు తీసి ఉండడం చూసి లోపలికి తొంగి చూసింది.

"ఆమె ఏది?"

"పోయింది" అన్నాను.

"ఏడికి? ఏ దవాఖానకని రాసుకోవాలె? నొప్పులు ఇయ్యాలో రేపో అన్నట్టుండె. ఫోన్ నంబరన్న ఇయ్యున్రి."

నంబరు మహిళా సంఘం ఆమె దగ్గర ఉంది. చేసింది. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేసింది. ఆశా కార్యకర్త మా అందరి ముఖాలూ ఒకటి తరువాత ఒకటి చూసింది. అన్ని సంఘాల పెద్దలం అక్కడే ఉన్నాం. వాళ్ళు హైదరాబాదులో ఏ బస్తీకి వెళ్తారో, ఎవరి దగ్గర దిగుతారో, ఆ పిల్ల తల్లిగారిది ఏ ఊరో, ఒక్కరికీ తెలియదు. ఎవరమూ ఎన్నడూ అడగలేదు.

ఆమె మాత్రలు సంచిలో వేసుకుని, ఇంకో ఇంట్లో బాలింత ఉందని చెప్పి సైకిలు తిప్పుకుంది.